ఐదు కిలోమీటర్ల చుట్టు: మౌంటెన్ బైకర్ల ఆదివారం సాధనను ఏర్పాటు చేసే విధానం

మట్టిదారుల మీద సైకిల్ తొక్కేవారు పదిమంది కలిసి సాధన చేద్దామనుకున్నప్పుడు అందరి నోటా మొదట వచ్చేది దూరం మాటే. ఈ ఆదివారం నలభై కిలోమీటర్లు పోదాం, వచ్చేవారం అరవై పోదాం అనుకుంటారు. మొదట్లో నేను కూడా అలాగే పిలిచాను, అలాగే తీసుకుపోయాను. ఒక రోజు వికారాబాద్ వైపు ఒక బండ్ల బాట రెండుగా చీలినచోట ముందువారు ఒక పక్కకు, వెనుకవారు ఇంకో పక్కకు పోయారు. ఫోను సిగ్నలు సరిగా అందని ఆ చోట ఇద్దరు కొత్తవారి జాడ గంటకు పైగా తెలియలేదు. వారు క్షేమంగానే దొరికారు కానీ, ఆ గంటసేపు నేను పడిన ఆందోళన నా పద్ధతినే మార్చింది. అప్పటి నుంచి దూరపు ప్రయాణాలు మాని, నాలుగైదు కిలోమీటర్ల చిన్న చుట్టును ఎంచుకుని దాన్నే మూడు నాలుగు సార్లు తిరిగే సాధనను నడుపుతున్నాను.

చుట్టు వల్ల కలిగే మేలు చాలా పెద్దది. దారి చిన్నది కనుక ఎవరు ఎంత వెనుకబడినా బృందానికి రెండు మూడు కిలోమీటర్లకు మించి దూరం కారు. పంక్చర్ అయినవారు సైకిల్‌ను నడిపించుకుంటూ బయలుదేరిన చోటికి చేరుకోగలరు. అలసిపోయినవారు ఒక చుట్టు మానుకుని చెట్టు కింద కూర్చోవచ్చు, తర్వాతి చుట్టులో మళ్లీ కలవవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, మొదటిసారి భయపడి దిగి నడిచిన బండను రెండోసారి చూసి, మూడోసారి తొక్కుకుంటూ దిగే అవకాశం ఒకే ఉదయంలో దొరుకుతుంది. నలభై కిలోమీటర్ల దారిలో ఆ బండ ఒక్కసారే ఎదురవుతుంది. ఒక్కసారి ఎదురైనది ఏమీ నేర్పదు.

దారిని ఎంచుకోవడం

హైదరాబాద్‌లో ఉన్నవారికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన, సోలార్ పైకప్పు గల 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం ఉంది. కాళ్లలో బలం, ఊపిరిలో నిలకడ పెంచుకోవడానికి అది మంచిదే. కానీ జారే మొరం మీద సైకిల్‌ను అదుపులో పెట్టుకోవడం అక్కడ రాదు. దాని కోసం గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలు దాటి చిలుకూరు, వికారాబాద్ దిక్కుకు వెళ్లాలి. ఆ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111వ నంబరు జీవో చాలాకాలం పెద్ద కట్టడాలను అడ్డుకోవడం వల్ల ఆ పక్క ఊళ్లలో పొలాల బాటలు, రాతి గుట్టలు, చెరువు కట్టలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఏ ఊరివారైనా తమకు దగ్గరలో ఇటువంటి నేలనే వెతుక్కోవచ్చు.

మంచి చుట్టులో నాలుగు రకాల నేల ఉండాలని నేను కోరుకుంటాను: ఒళ్లు వేడెక్కడానికి చదునైన బాట, మూడు నుంచి ఐదు నిమిషాలు పట్టే ఎక్కుడు, రాళ్లున్న దిగుడు, మలుపులున్న సన్నని కాలిబాట. నాలుగూ దొరకకపోతే ఎక్కుడునూ దిగుడునూ మాత్రం వదులుకోవద్దు. కార్లు ఆపుకునే చోటు, వీలైతే టీ కొట్టు, చుట్టు మొదలయ్యే స్థలానికి దగ్గరగా ఉంటే సగం ఏర్పాటు పూర్తయినట్టే.

భూమి ఎవరిదో తెలుసుకోకుండా దారిని ఖాయం చేయకూడదు. అనంతగిరి వంటి రిజర్వు అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. సైన్యానికి చెందిన భూముల వైపు అసలు పోరాదు. పొలాల గుండా పోయే బాట అయితే ఆ రైతును ముందుగా కలిసి, ఏ రోజు ఎంతమంది వస్తారో చెప్పి అడగాలి. నా అనుభవంలో అడిగినప్పుడు కాదన్న రైతులు చాలా తక్కువ. అడగకుండా పోయినప్పుడు కోపం వస్తే అది న్యాయమైన కోపమే. నాటు వేసిన మడి గట్టు మీద సైకిల్ ఎక్కిస్తే గట్టు తెగుతుంది, నీరు పోతుంది. రైతుతో మాట్లాడటం వల్ల మరొక ప్రాణరక్షణ కూడా ఉంది. అడవి పందుల బారి నుంచి పంటను కాపాడుకోవడానికి కొన్నిచోట్ల కంచె తీగలకు రాత్రిపూట కరెంటు పెడుతుంటారు. అది చట్టవిరుద్ధమైనా జరుగుతూనే ఉంది, మనుషుల ప్రాణాలూ పోయాయి. అందుకే తెల్లవారకముందు చీకటిలో పొలాల మధ్యకు బృందాన్ని ఎప్పుడూ తీసుకుపోవద్దు.

ఎంచుకున్న దారిని ముందు వారంలో ఒకసారి తొక్కి చూడాలి, అదీ మీ వేగంతో కాకుండా కొత్తవారి వేగంతో. అనుభవం ఉన్నవారు ఇరవై నిమిషాల్లో ముగించే ఐదు కిలోమీటర్లకు కొత్తవారికి నలభై నిమిషాలు పట్టవచ్చు, కాలపట్టికను ఆ నలభై ప్రకారమే వేసుకోవాలి. బాట చీలే ప్రతి చోటునూ గుర్తుపెట్టుకోవాలి. పెద్ద బండల కింద తేనెతుట్టెలు ఉన్నాయేమో తల ఎత్తి చూడాలి, ఉంటే ఆ దారి ఆ సీజనుకు వదిలేయడమే మంచిది.

పిలుపు, కాలం

మొదటిసారి ఎనిమిది మందికి మించి పిలవవద్దు, అలవాటయ్యాక పన్నెండు దాకా పోవచ్చు. కొత్తవారు నలుగురికి ఒక అనుభవజ్ఞుడైనా ఉండాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు వస్తే తల్లిదండ్రుల్లో ఒకరు వెంట రావాలి. పంపే సందేశంలో కలుసుకునే చోటు, బయలుదేరే సమయం, చుట్టు ఎంత దూరం, ఎన్ని చుట్లు, ఎక్కుడు ఎంత కష్టంగా ఉంటుంది, ఎన్ని గంటలకు ముగుస్తుంది అన్నవి స్పష్టంగా రాయాలి. "అందరూ రావచ్చు" అని రాసి తీరా వచ్చాక కొత్తవారిని వెనుక వదిలేయడం కన్నా "బండల మీద దిగడం అలవాటున్నవారికి మాత్రమే" అని ముందే రాయడం మర్యాద. హెల్మెట్ లేనివారు తొక్కడానికి లేదన్న మాటను ప్రతి సందేశంలోనూ రాయండి, ఎవరు వచ్చినా ఆ మాట తప్పవద్దు. ఎంత ఆప్తుడైనా హెల్మెట్ మరిచి వస్తే ఆ రోజు ఆయన దారిలో నిలబడి మనకు సహాయం చేస్తాడు, అంతే.

హైదరాబాద్‌లో మే నెలాఖరున సూర్యుడు 5.40 ప్రాంతంలో ఉదయిస్తే జనవరిలో 6.45 దాటుతుంది. వెలుగు రాగానే మొదలుపెట్టి ఎండాకాలంలో ఎనిమిదింటికల్లా ముగించాలి. వానాకాలంలో ఎర్రమట్టి, మొరం దారులు ఒక పూట తెరపి ఇస్తే చాలు ఆరిపోతాయి. నల్లరేగడి మాత్రం చక్రానికీ, దాన్ని పట్టి ఉంచే ఫోర్కుకూ మధ్య ముద్దగా పేరుకుని చక్రాన్ని కదలనివ్వదు, గేరు మార్చే డిరైలర్‌ను విరిచేయగలదు. కాబట్టి వాన పడిన మరునాడు రేగడి నేలలో సాధన పెట్టుకోవద్దు. తడి బాటను తొక్కితే పడే చాళ్లు ఎండాకాలం దాకా గట్టిగా నిలిచిపోతాయి, ఆ బాట మీద నడిచే ఊరివారికి అది ఇబ్బంది.

సాధన జరిగే తీరు

అందరూ చేరాక పది నిమిషాలు సైకిళ్లను చూడటానికి కేటాయించాలి. రెండు బ్రేకులూ నొక్కి చూడాలి, చక్రాల ఇరుసులు బిగిసి ఉన్నాయో లేదో చూడాలి, హ్యాండిల్ కదులుతోందేమో ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూడాలి. ఎక్కువ పొరపాటు గాలి దగ్గరే జరుగుతుంది. దుకాణంలో టైరును 50 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపి పంపుతారు, అది తారు రోడ్డుకు సరిపోతుంది కానీ మొరం మీద టైరు బంతిలా ఎగురుతుంది. ట్యూబు ఉన్న రెండు అంగుళాల పైచిలుకు వెడల్పు టైరుకు, 60 నుంచి 75 కిలోల బరువున్న మనిషికి, 28 నుంచి 32 పి.ఎస్.ఐ. వరకు చాలు. మరీ తగ్గిస్తే బండ అంచు తగిలి, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి.

తర్వాత మాటలు సాఫీగా మాట్లాడగలిగే వేగంతో పావుగంట చదునైన బాట మీద తొక్కించి, సైకిళ్లు ఆపి బ్రేకు సాధన మొదలుపెట్టాలి. దీన్ని దాటవేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. మనలో చాలామందికి చిన్నప్పుడు ఇంట్లో చెప్పిన మాట "ముందు బ్రేకు పట్టకు, ఎగిరి పడతావు" అని. ఆ భయంతో వెనుక బ్రేకు మీదనే ఆధారపడతారు. కానీ బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కనుక సైకిల్‌ను నిజంగా ఆపేది ముందు బ్రేకే. వెనుక చక్రం ఒక్కటే బిగిసిపోతే దిగుడులో పక్కకు జారుతుంది. నేల మీద రెండు రాళ్లు పెట్టి, వాటి మధ్యకు రాగానే బ్రేకు వేయడం మొదలుపెట్టమనండి. పెడళ్లు సమంగా, మడమలు కిందికి, నడుము వెనుకకు, మోచేతులు వంచి, ఒక్కొక్క వేలితో రెండు బ్రేకులనూ మెల్లగా పిండాలి. చక్రం ఈడ్చుకుపోకుండా ఎంత తక్కువ దూరంలో ఆగగలరో ప్రతివారూ ఆరేడుసార్లు చేసి చూసుకోవాలి. అరగంట ఇక్కడ గడిచినా అది వృథా కాదు, దిగుడులో పడేవారిలో ఎక్కువమంది పడేది బ్రేకు తెలియకనే.

మొదటి చుట్టును అందరూ కలిసి, మెల్లగా, కష్టమైన ప్రతి చోటా ఆగి చూసుకుంటూ తిరగాలి. బండ దిగే ముందు సీటు కిందికి దించుకోమనాలి, చూపు ముందు చక్రం మీద కాకుండా బండ ముగిసే చోట నిలపమనాలి. కళ్లు ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది. ఎక్కుడుకు ముందే చిన్న గేరులోకి మారాలి, మధ్యలో బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైను తెగవచ్చు. మొరం ఎక్కుడులో లేచి నిలబడితే వెనుక చక్రం పట్టు తప్పి ఉత్తుత్తిగా తిరుగుతుంది కాబట్టి సీటు కొన మీదికి జరిగి, ఛాతీని హ్యాండిల్ వైపు వంచి, కూర్చునే తొక్కాలి. భయమేసినవారు దిగి నడవవచ్చు, ఎవరూ బలవంతపెట్టకూడదు, "ఏం కాదు, రా" అని అరవకూడదు.

రెండో చుట్టులో శ్రమ మొదలవుతుంది. ఎక్కుడును పదికి ఏడెనిమిది అనిపించేంత కష్టంతో, అంటే రెండు మూడు ముక్కలకు మించి మాట రానంత శ్రమతో ఎక్కి, నెమ్మదిగా దిగి మళ్లీ ఎక్కాలి. కొత్తవారికి మూడుసార్లు, అలవాటున్నవారికి ఐదారుసార్లు చాలు. ఇక్కడ మా బృందంలో ఒక నియమం ఉంది: ముందుగా పైకి చేరినవారు అక్కడ నిలబడి ఎదురుచూడరు, వెనక్కి దిగి అందరికన్నా చివరన వస్తున్నవారిని కలిసి వారితోపాటు మళ్లీ ఎక్కుతారు. బలమైనవారికి కావలసినంత పని దొరుకుతుంది, చివరివారికి తోడు దొరుకుతుంది. వేర్వేరు బలాలున్నవారిని కలిపి ఉంచే ఉపాయం నాకు ఇంతకన్నా మంచిది కనబడలేదు. చివరి చుట్టును ఎవరి వేగంతో వారు తిరగవచ్చు, కానీ ఇద్దరిద్దరుగా.

ముందు నడిపేవారు, వెనుక ఉండేవారు

ముందు నడిపేవారు బృందంలో వేగవంతులు కానవసరం లేదు, వెనక్కి తిరిగి చూసే అలవాటున్నవారు కావాలి. చివరివారిని దాటకుండా అందరి వెనుకా వచ్చే మనిషికి పంక్చర్ వేయడం, తెగిన చైను కలపడం తెలిసి ఉండాలి. ఈ బాధ్యత ఎప్పుడూ ఒక్కరి మీదనే పడకుండా వారం వారం మార్చుకోవాలి, లేకపోతే ఆ మంచి మనిషికి సాధనే ఉండదు. బాట చీలే చోట ముందువారు ఆగి, తమ వెనుక వచ్చేవారు కంటపడి, తాము ఏ పక్కకు పోతున్నామో వారికి తెలిసిన తర్వాతనే కదలాలి. దిగుడులో ఇద్దరి మధ్య కనీసం ఐదారు సైకిళ్ల దూరం ఉండాలి. ఎదురుగా గొర్రెల మంద వస్తే దిగి పక్కకు నిలబడటం మన పని.

సామాను విషయంలో క్లుప్తంగా చెబుతాను. మన ప్రాంతంలో సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ ఎవరినీ వదలవు, కాబట్టి మనిషికి ఒక అదనపు ట్యూబు తప్పనిసరి. చక్రాలు 26, 27.5, 29 అంగుళాలుగా వేర్వేరుగా ఉంటాయి కనుక ఎవరి కొలత ట్యూబు వారే తెచ్చుకోవాలి. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల వేళ్లతో తడిమి ముల్లు తీయకపోతే అదీ పోతుంది. లావు, సన్న వాల్వులు రెండింటికీ సరిపడే పంపు, చైను కలిపే లింకు, బోల్టులు బిగించే అలెన్ కీలు బృందానికి ఒక జత చాలు. ప్రతివారూ రెండు లీటర్ల నీరు తేవాలి, ఎండాకాలంలో లీటరు నీటిలో కలిపే ఓ.ఆర్.ఎస్. పొడి కూడా.

దెబ్బలు తగులుతాయని ముందే ఒప్పుకుని సిద్ధపడాలి. దగ్గరలోని పెద్ద ఆసుపత్రి ఎక్కడుందో, అంబులెన్సు ఎంతవరకు రాగలదో చూసి ఉంచుకోవాలి. 108కి ఫోను చేసినప్పుడు చెప్పడానికి ఊరి పేరు, దగ్గరి గుడి లేదా చెరువు పేరు అందరికీ తెలిసి ఉండాలి, గుట్ట మీద నుంచి "ఇక్కడే" అంటే వారికి తెలియదు. తలకు దెబ్బ తగిలినవారు బాగానే ఉన్నానని చెప్పినా ఆ రోజు మళ్లీ తొక్కకూడదు. వాంతి, తికమక, మగత కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం చేయకుండా మనిషిని కదలనివ్వక వాహనంలో పడుకోబెట్టి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో దారి చూసిన రోజునే కనుక్కుని ఉండాలి.

ముగించేటప్పుడు వచ్చినవారినీ ఉన్నవారినీ లెక్క సరిచూడాలి, శక్తి కోసం తినే జెల్ ఖాళీ పొట్లాలు, పాత ట్యూబులు ఏరి సంచిలో వేసుకోవాలి. ఎవరు ఏ బండ దగ్గర దిగి నడిచారో రాసిపెట్టుకోండి. వచ్చే ఆదివారం ఏ చోట ఎక్కువసేపు ఆగాలో ఆ కాగితమే చెబుతుంది.