పార్కు స్థలం కబ్జాపై ఫిర్యాదుకు ముందు

హైదరాబాద్‌లో మీ కాలనీ పార్కు జాగాలో పునాది తవ్వుతున్నారా? ధర్నా తర్వాత, ముందు కాగితాలు చూసుకోండి.

• మంజూరైన లేఅవుట్ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అమ్మేటప్పుడు పంచిన బ్రోచర్ మ్యాపు పనికిరాదు. తర్వాత సవరించిన ప్లాన్ ఉంటే అదీ అడగండి. మొదటిదాంట్లో పార్కు ఉన్నచోటే రెండోదాంట్లో ప్లాటు నంబరు పడి ఉండొచ్చు. సర్వే నంబరు, గజాలు రెండింట్లోనూ సరిపోల్చండి.

• పార్కు, రోడ్లు స్థానిక సంస్థ పేర గిఫ్ట్ డీడ్ అయ్యాయా? ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి. కాకపోతే అవతలివాళ్లు ముందు పట్టుకునేది దాన్నే.

• ఆర్టీఐ ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. "అనుమతి ఎందుకిచ్చారు?" అంటే జవాబు దాటేస్తారు. "ఫలానా సర్వే నంబరులో ఇచ్చిన నిర్మాణ అనుమతి, ప్లాన్ కాపీలు" అని అడగండి. ఈలోపు వాళ్లు స్లాబు వేసేస్తారు, కాబట్టి జవాబు కోసం ఆగకుండా ఫిర్యాదు ఇచ్చేయండి.

• పక్కన చెరువుంటే బఫర్ (చెరువు చుట్టూ కట్టడాలు కట్టకూడని జాగా) చూడండి. 10 హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9. మే నెలలో నీళ్లున్న చోటు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది.

• ఫొటోలో తేదీతోపాటు, చోటు తెలిసేలా కరెంటు స్తంభం నంబరు పడాలి.

• ఖాళీ కాగితంపై సంతకాలు వద్దు. వాట్సాప్‌లో ఎవరినీ పేరుపెట్టి కబ్జాకోరు అనొద్దు, పరువునష్టం నోటీసు వస్తుంది.

• ఫిర్యాదు నకలుపై ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోనిదే కౌంటర్ వదలొద్దు.