ఫాంట్ ఫైల్లోంచి ఒక్క అక్షరం బయటికి తీయడం, సీ భాషలో

మారతహళ్లి పీజీలో నా పక్క మంచం తమ్ముడు మొన్న రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "అన్నా, అక్షరాలన్నీ గాలికి ఒరిగిపోయినట్టు వస్తున్నాయి" అన్నాడు. వాడు సీలో రాసిన ప్రోగ్రాంతో తెరిచింది లినక్స్ కన్సోల్ (అక్షరాలు మాత్రమే ఉండే నల్ల తెర) ఫాంటు, టెర్మినస్ 24×12, అంటే ఒక్కో అక్షరం 24 చుక్కల ఎత్తు, 12 చుక్కల వెడల్పు. ఈ పని చేసే ప్రతివాళ్లూ ఒకసారి పడే గొయ్యే ఇది, అందుకే వివరంగా రాస్తున్నా.

ఉబుంటులో ఈ ఫాంట్లు జీజిప్ చేసి (కుదించి) ఉంటాయి, ముందు విప్పండి. లోపల ఉండేది పీఎస్ఎఫ్ (పీసీ స్క్రీన్ ఫాంట్) ఫార్మాట్, దాని రెండో వెర్షన్ అయితే మొదటి నాలుగు బైట్లు హెక్స్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) 72, బి5, 4ఎ, 86. ఈ నాలుగు బైట్లూ కలిసి మొదటి అంకె; దాంతో కలిపి ఫైల్ మొదట్లో ఉండే హెడర్‌లో మొత్తం ఎనిమిది 32 బిట్ల అంకెలు, లిటిల్ ఎండియన్‌లో (చిన్న బైటు ముందు): మ్యాజిక్ (ఫార్మాట్ గుర్తు), వెర్షన్, హెడర్ సైజు, ఫ్లాగులు, అక్షరాల సంఖ్య, ఒక్కో అక్షరానికి బైట్లు, ఎత్తు, వెడల్పు. ఎత్తు ముందు, వెడల్పు తర్వాత, తిప్పి చదవకండి. వీటిని ముందు స్క్రీన్ మీద ప్రింట్ చేసి చూసుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

అక్షరం ఎక్కడుందో తెలియాలంటే ఒక్క గుణకారం చాలు: హెడర్ సైజు + స్థానం × అక్షరానికి బైట్లు. ఈ ఫాంటులో హెడర్ 32 బైట్లు, అక్షరానికి 48 బైట్లు; ఇంగ్లీషు పెద్ద 'ఎ' 65వ స్థానంలో ఉంటే 32 + 65 × 48, అంటే 3152. ఎఫ్‌సీక్ (ఫైల్లో ఫలానా బైటు దగ్గరికి వెళ్లే సీ ఫంక్షన్)తో అక్కడికి వెళ్లి 48 బైట్లు చదవండి. 32 అని కోడ్‌లో రాసేయకుండా హెడర్‌లో ఉన్న అంకెనే వాడండి.

ఇక మావాడి గొయ్యి. వెడల్పు 12 కాబట్టి వరసకి 12 బిట్లని లెక్కేసుకున్నాడు, కానీ ప్రతి వరసా కొత్త బైటుతోనే మొదలవుతుంది. వరసకి బైట్లు (వెడల్పు + 7) / 8, అంటే ఇక్కడ 2, చివరి 4 బిట్లు ఖాళీ. ఆ నాలుగూ వదలకపోతే ఒక్కో వరసా నాలుగు చుక్కలు కుడికి జరుగుతూ పోతుంది. బైటులో పెద్ద బిట్టే ఎడమ చివర చుక్క. 8 చుక్కల వెడల్పున్న ఫాంటులో 'ఎ' నెత్తిమీద హెక్స్ 10, దాని కింద 38 ఉన్నాయనుకోండి:

...#....
..###...

బైట్లు చదివి పెట్టుకునే బఫర్‌ని మాత్రం అన్‌సైన్డ్ క్యార్‌గానే (మైనస్ అంకెలు లేని రకంగానే) పెట్టండి, ఎందుకంటే ఫ్లాగుల్లో చివరి బిట్టు 1 అయితే అక్షరాల తర్వాత యూనికోడ్ పట్టిక (ఏ బొమ్మ ఏ అక్షరానిదో చెప్పేది) వస్తుంది, అందులో ఒక్కో అక్షరం వివరం హెక్స్ ఎఫ్ఎఫ్‌తో ముగుస్తుంది, సైన్డ్ అయితే అది -1 అయిపోయి పోలిక ఎప్పటికీ కుదరదు.

తెలుగు ఇందులో పెట్టొచ్చా అని కూడా అడిగాడు. అ, ఆ అయితే పెట్టొచ్చు. 'స్త్రీ' లాంటిది గడికి ఒక బొమ్మ పద్ధతిలో ఇమడదు, దానికి వత్తులూ గుణింతాలూ పేర్చే షేపింగ్ కావాలి.