డిస్క్ 100 శాతం దగ్గర ఆగిపోతే ఎక్కడ వెతకాలి?

మౌస్ కదులుతుంది గానీ క్లిక్ చేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. క్యాబినెట్ మీది చిన్న లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, లోపల గరగరమని చప్పుడు. తిరిగే హార్డ్ డిస్క్ మీద విండోస్ 10 గానీ 11 గానీ నడిపే మెషీన్లలో ఇది మామూలే. చాలామంది వెంటనే ఫార్మాట్ కొట్టించేస్తారు. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే అసలు కారణం ఎవరూ చూడలేదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద నొక్కితే యాక్టివ్ టైమ్ కనిపిస్తుంది. అది 100 శాతం ఉందంటే డిస్క్ నిండిందని అనుకోకండి. దానికి ఊపిరి సలపడం లేదని అర్థం, అంతే. ఎంత పని అవుతోందో ఆ అంకె చెప్పదు. దానికోసం కిందనే ఉన్న రీడ్ స్పీడ్, రైట్ స్పీడ్, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ చూడాలి.

నిమిషానికి 5400 చుట్లు తిరిగే ల్యాప్‌టాప్ డిస్క్‌కు ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సెక్టార్ (డేటా ఉండే చిన్న ముక్క) దాన్ని చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ అక్కడికి జరగడానికి ఇంకో పది పన్నెండు. లెక్కేస్తే సెకనుకు 60 చిన్న పనులు చేయడమే గొప్ప. పెద్ద వీడియో ఫైలు వరసగా చదవమంటే ఇదే డిస్క్ సెకనుకు 100 ఎంబీ దాకా ఇస్తుంది. 4 కేబీ ముక్కలు తలా ఒక చోటి నుంచి తెమ్మంటే 1 ఎంబీ కూడా రాదు. అందుకే 100 శాతం పక్కన 1 ఎంబీ కనిపించినంత మాత్రాన డిస్క్ పాడైపోయినట్టు కాదు. పని చేసే ప్రోగ్రామ్ ఏదీ లేకుండానే రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లకు ఎగబాకి, స్పీడు సున్నా దగ్గర ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

అడుగుతున్నది ఎవరో తెలియాలంటే స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. డిస్క్ ట్యాబ్‌లో డిస్క్ యాక్టివిటీ విప్పి, టోటల్ అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తినేది పైకి వస్తుంది. ప్రోగ్రామ్ పేరుతో ఆగకండి, పక్కన ఫైల్ పేరు కూడా చదవండి.

అక్కడ పదేపదే పేజ్‌ఫైల్ కనిపిస్తే తప్పు డిస్క్‌ది కాదు. ర్యామ్ చాలక విండోస్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటోంది. అక్కడే మెమరీ ట్యాబ్‌లో హార్డ్ ఫాల్ట్స్ (ర్యామ్‌లో దొరక్క డిస్క్ దగ్గరికి వెళ్లిన సార్లు) అంకె ఆగకుండా వందల్లో ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. 4 జీబీ మెషీన్‌లో బ్రౌజర్ ట్యాబులు పదిహేను తెరిస్తే చాలు, ఇదే జరుగుతుంది. పేజ్‌ఫైల్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి: మెమరీ అయిపోగానే ప్రోగ్రాములు చెప్పాపెట్టకుండా మూతబడతాయి. ర్యామ్ కొనే ముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో చూడండి. పాత ర్యామ్ రకం డీడీఆర్3నా, 4నా అన్నది దాని స్టిక్కర్ మీద ఉంటుంది. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు.

పైన యాంటీమాల్‌వేర్ సర్వీస్, సెర్చ్ ఇండెక్సర్, మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ లాంటివి ఉంటే అవి విండోస్ సొంత పనులు. వాటిని ఎండ్ టాస్క్ కొడితే కాసేపటికి మళ్లీ లేస్తాయి. ఛార్జర్ పెట్టి, స్లీప్ ఆపేసి, ఒక రాత్రంతా వదిలేయండి. వాడుకున్న అరగంటకే షట్‌డౌన్ చేసే ఇళ్లలో ఈ పనులు ఎప్పటికీ పూర్తి కావు, రోజూ ఆన్ చేయగానే మళ్లీ మొదలవుతాయి. తరచూ వాడే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చిపెట్టే సిస్‌మెయిన్ పైన ఉంటే సర్వీసెస్‌లో దాన్ని ఆపి ఒకరోజు చూడండి. తేడా లేకపోతే తిరిగి ఆన్ చేసేయండి. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయాలి, ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

ఇక డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 వరసలు చూడండి. 05 అంటే పాడై, వేరే చోటికి మార్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి, సీ6 అంటే ఇక బాగుపడనివి. ఆ ప్రోగ్రామ్ రా వాల్యూలను మామూలుగా పదహారు ఆధారంగా చూపిస్తుంది, కాబట్టి 10 అని ఉంటే 16 అని చదువుకోవాలి. సీ7 పెరుగుతుంటే తప్పు ఎక్కువగా డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌దే. డెస్క్‌టాప్‌లో తక్కువ ఖర్చుతో కొత్తది వేసుకోవచ్చు. పాత అంకె సున్నాకు తిరిగిరాదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే ముఖ్యం. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి డిస్క్ పేరుతో 7, 51, 153 నంబర్లున్నాయేమో కూడా వెతకండి. 7 అంటే బ్యాడ్ బ్లాక్.

సీ5 రోజురోజుకూ పెరుగుతుంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఫోటోలు, డాక్యుమెంట్లు బయటి డ్రైవ్‌లోకి తీయండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: విండోస్‌లోని చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్‌తో (/r) నడిపిస్తారు, లేదా ముక్కలైన ఫైళ్లను ఒకచోటికి చేర్చే డీఫ్రాగ్ పెడతారు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌లో ప్రతి సెక్టారూ మళ్లీ మళ్లీ చదివించడం అంటే మిగిలిన ఆయువు కూడా తోడేయడమే. పైగా చెక్‌డిస్క్ ముఖ్యంగా చూసేది ఫైల్ సిస్టమ్ సరిగ్గా ఉందా అనే, మీ ఫైళ్లు దక్కాయా అని కాదు. బ్యాకప్ పూర్తయ్యాకే దాని సంగతి.

డిస్క్ ఆరోగ్యంగా ఉండి, ర్యామ్ సరిపోయి, రాత్రంతా వదిలినా తీరు మారకపోతే విండోస్‌ను తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ మీదికి మార్చడమే దారి. పాత ల్యాప్‌టాప్‌లకు 2.5 అంగుళాల సాటా రకం సరిపోతుంది. సైజు ఎంతన్నది పాత డిస్క్‌లో ఎంత నిండిందో చూసి, దానికి కనీసం నాలుగో వంతు కలిపి ఎంచుకోండి. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌నైతే క్లోన్ చేయొచ్చు, అంటే ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేయొచ్చు. బ్యాడ్ సెక్టార్లుంటే క్లోన్ మధ్యలో ఆగిపోవచ్చు, విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలు. పాతదాన్ని డీవీడీ డ్రైవ్ స్థానంలో క్యాడీ అనే ఫ్రేమ్‌లో పెట్టుకోవాలనుకుంటే ముందు ఆ డ్రైవ్ మందం కొలవండి: 9.5 మిల్లీమీటర్లది ఒకటి, 12.7 మిల్లీమీటర్లది ఒకటి, ఒకటి కొంటే ఇంకొకటి సరిపోదు. క్లోన్ అయ్యాక ఆప్టిమైజ్ డ్రైవ్స్‌లో కొత్త డ్రైవ్ పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని చూపిస్తోందో లేదో ఒకసారి చూసుకోండి.