పాత ఆఫీసు మేడని లాఫ్ట్ ఇల్లు చేయాలంటే ముందు బాత్రూమ్ ఎక్కడో తేల్చండి

లాఫ్ట్ అనగానే మనకి ఇత్తడి గిన్నెలు దాచే అటకే గుర్తొస్తుంది గాని నేను చెప్పేది అది కాదు, న్యూయార్క్ సోహోలో పాత ఫ్యాక్టరీ అంతస్తుల్లో ఆర్టిస్టులు చేరి గదులేవీ లేకుండా ఒకే పెద్ద హాల్లో కాపురం పెట్టేశారు చూడండి, ఆ రకం. మన బరంపురం బజారు వైపు కూడా, ఈ ఊరున్న గంజాం జిల్లా 1936లో ఒడిశాలో కలవక ముందు మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల పద్ధతిలో కట్టిన మేడలు కనబడతాయి, కింద షాపు, పైన ఆఫీసు.

అందరూ హాలు గురించే కలలు కంటారు. ముందు నీళ్ల సంగతి చూడండి. ఆఫీసుకి వెనకాల ఒక్క లెట్రిన్ ఉంటే గడిచిపోయింది, ఇంటికి స్నానం, వంట, వాషింగ్ మిషను అన్నీ కావాలి కదా. ఇలాంటి పాత మేడల్లో పై అంతస్తు నేల మద్రాసు టెర్రస్ అయితే, అంటే టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి ఐమూలగా పేర్చి పైన సున్నం కాంక్రీటు వేసింది, దాని నడుమ బాత్రూమ్ కడితే లీకైన నీళ్లు నేరుగా దూలంలోకే దిగుతాయి, కింద షాపాయన గొడవకొచ్చేదాకా మీకు తెలీదు. అందుకే పాత పైపులున్న వెనక గోడకే అన్నీ ఆనించండి. ట్యాంకు కూడా అంతే, వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, కిందదాకా దిగిన గోడ మీదే, అదీ ఇంజనీరు చూశాకే.

దూలాల్ని సుత్తితో కొట్టి చూడండి, బోలుగా మోగితే చెదలు తినేసినట్టే. గోడలో దూరిన చివర్లని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, పుచ్చు ముందు అక్కడే మొదలవుతుంది.

సున్నం గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ వద్దు బాబూ. మా మేస్త్రీ మాట విని మేం చేయించాం, లోపలి చెమ్మ బయటికి పోక రెండో వర్షాకాలానికే ఉప్పు తేలి పెచ్చులు రాలాయి, మొత్తం గీకించి మళ్లీ సున్నమే పూయించాం, ఖర్చు రెండింతలు.

ఎత్తు పదిహేను అడుగులుంటే పడక అటక బాత్రూమ్ మీదే వేస్కోండి, అటక మందం అర అడుగు పోను కింద ఏడుంపావు, పైన ఏడుంపావు వస్తుంది. హాలు మీద వేస్తే కింద గుహే.

పని మొదలెట్టకముందే వాడకం మార్పుకి పర్మిషన్ కనుక్కోండి, కరెంటు మీటరు డొమెస్టిక్‌కి మార్పించుకోండి, లేపోతే ఇంట్లో ఫ్యానుకి షాపు రేటు కడతారు.