ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’ చదవవలసిన తీరు

నార్వే రచయిత ఇబ్సెన్ రాయగా 1879లో వెలువడిన ఈ నాటకాన్ని చేతికి తీసుకునేవారిలో చాలామందికి, నోరా చివరకు భర్తనూ పిల్లలనూ విడిచి వెళ్లిపోతుందని ముందే తెలిసి ఉంటుంది. ఆ ముగింపును కాసేపు మరిచిపోయి, మొదటిసారి చదివేటప్పుడు డబ్బు ఎవరి చేతిలో ఉందో, దానికోసం ఎవరు ఎవరిని అడగవలసి వస్తున్నదో మాత్రమే గమనించండి.

తెర లేవగానే, క్రిస్మస్ చెట్టు మోసుకొచ్చిన మనిషికి నోరా అతను అడిగినదానికి రెట్టింపు కూలి ఇస్తుంది. ఆమె భర్త హెల్మర్ దుబారా మనిషివంటూ ముద్దుగా మందలించి, అప్పుల మీద నడిచే ఇంట్లో స్వేచ్ఛ ఉండదని బోధిస్తాడు. అయితే అతని ప్రాణం నిలిపిన ఇటలీ ప్రయాణం ఆమె రహస్యంగా చేసిన అప్పుతోనే సాగింది. భర్త అనుమతి లేకుండా భార్య అప్పు చేయలేని కాలమది. అందుకే హామీగా ఉండవలసిన తండ్రి సంతకాన్ని ఆమే పెట్టింది. ఇక్కడ తేదీల కింద గీత గీసుకోండి: తండ్రి మరణించింది సెప్టెంబరు 29న, సంతకం కింద ఉన్న తేదీ అక్టోబరు 2. ఆమెకు అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్ బెదిరింపుకు బలమంతా ఆ తేడాలోనే ఉంది.

స్నేహితురాలు క్రిస్టీన్‌తో నోరా మాట్లాడే ఘట్టాన్ని తొందరపడకుండా చదవండి. బాకీ తీర్చడానికి రాత్రిళ్లు తలుపు వేసుకుని నకళ్లు రాసేదాన్ననీ, ఎంత అలసినా అలా సంపాదించడం సంతోషంగా ఉండేదనీ, తానొక మగవాడినన్నట్లే అనిపించేదనీ ఆమె చెబుతుంది. ఆమె గడప దాటడానికి బీజం హెల్మర్ కోపంలో కన్నా ఈ మాటల్లోనే ఉందని నా దృఢమైన అభిప్రాయం.

రెండో అంకంలో, రహస్యం బయటపెట్టే క్రోగ్‌స్టాడ్ ఉత్తరం పడే పెట్టె తాళంచెవి హెల్మర్ దగ్గరే ఉంటుందన్న సంగతిని గుర్తుంచుకుంటే చాలు.

మూడో అంకాన్ని మాత్రం ఇద్దరు కూర్చుని పైకి చదవాలి. క్రోగ్‌స్టాడ్ ఆ అప్పు పత్రాన్ని తిప్పి పంపగానే హెల్మర్ తాను బతికిపోయానని అరుస్తాడు. మరి నేనో అని నోరా అడిగిన తరువాతే అతనికి ఆమె గుర్తుకొస్తుంది. ఆ ప్రశ్నకు ముందు కొద్దిసేపు ఆగండి. ఆపై ఎనిమిదేళ్ల కాపురంలో మొదటిసారిగా వారు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే భాగంలో నోరా గొంతును పెంచకండి. ఆమె అప్పటికే నిర్ణయానికి వచ్చింది, ఇప్పుడు వివరిస్తున్నది.

మీకు దొరికిన ప్రతిలో నిద్రపోతున్న పిల్లలను చూసి నోరా గుమ్మం దగ్గరే కూలబడితే, అది జర్మనీలో ప్రదర్శన కోసం ఇబ్సెన్ అయిష్టంగా రాసిచ్చిన ముగింపు. దాన్ని అనాగరిక దౌర్జన్యమని ఆయనే నిందించాడు కనుక, అసలు ముగింపు ఉన్న ప్రతిని వెతికి చదవండి.