పాత పుట్టగొడుగుల పటాలను పరిశీలించడం, చెన్నైలో వాటిని కాపాడుకోవడం

మైలాపూరు సందుల్లోని పాత పుస్తకాల దుకాణాల్లో గానీ, సెంట్రల్ స్టేషన్ దగ్గర పాత మూర్ మార్కెట్ వ్యాపారులకు కేటాయించిన అల్లికుళం సముదాయంలో గానీ, పుస్తకం నుంచి విడదీసిన పుట్టగొడుగుల రంగుల బొమ్మ ఒకటి మీ కంటబడిందనుకోండి. ధర అడగడానికి ముందే పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం తీసి, గొడుగు అంచున రంగు ఎలా పడిందో చూడాలి. ఎరుపు, నీలం, పసుపు, నలుపు చుక్కలు ఒక క్రమంలో చిన్న చిన్న పువ్వుల్లా పేర్చినట్టు కనిపిస్తే, అది ఇటీవలి ఆఫ్‌సెట్ నకలు. గోడకు తగిలించుకోవడానికి బాగానే ఉంటుంది కానీ పాతదాని ధర పెట్టవలసిన పని లేదు. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలో గీతలు తెంపు లేకుండా సాగుతాయి, అంచులు కత్తిరించకుండా ఉంటే బొమ్మ చుట్టూ రేకు అదిమిన పల్లం వేలికి తగులుతుంది, చేత్తో రంగు వేసినదైతే ఆ రంగు అక్కడక్కడా గీత దాటి బయటికి వస్తుంది. జేమ్స్ సోవర్బీ 1797 నుంచి వెలువరించిన ఇంగ్లండు పుట్టగొడుగుల పటాలు ఈ పద్ధతిలోనివే. రాతి అచ్చులో (లిథోగ్రాఫ్‌లో) ఈ పల్లం ఉండదు, చుక్కలు ఇసుక చల్లినట్టు క్రమం లేకుండా ఉంటాయి. రాతి అచ్చు తీరు కంటికి అలవాటు కావాలంటే, మద్రాసులో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ కోసం రంగయ్య, గోవిందు గీసిన మొక్కల బొమ్మల అచ్చులను చూడటం మంచిది. మన ఊళ్లోనే అంత గొప్ప పని జరిగిందని ఇక్కడి తెలుగువారందరికీ తెలియాలని నా కోరిక.

బొమ్మ అసలైనదని తేలాక, చిత్రకారుడు ఏం చూపాడో, ఏం వదిలేశాడో గమనించాలి. మంచి పటంలో గొడుగు పైభాగంతో పాటు కింద సన్నని రేకుల్లా ఉండే మొప్పలు, నిలువుగా కోసిన ముక్క, లేత దశ, నేలలోంచి పూర్తిగా పెకలించిన కాడ మొదలు తప్పకుండా ఉంటాయి. ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. ప్రాణాంతకమైన అమానిటా ఫాల్లాయిడిస్‌కు కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటుంది, అది మట్టిలోనో ఆకుల కిందో దాగి ఉంటుంది కాబట్టి, కాడను నేలమట్టానికి కోసి గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా గుర్తింపుకు పనికిరాదు. తినదగిన అగారికస్ కాంపెస్ట్రిస్‌కు ఆ సంచి ఉండదు. దాని మొప్పలు లేతగా ఉన్నప్పుడు గులాబీ రంగులో ఉండి, ముదిరేకొద్దీ ముదురు గోధుమకు మారతాయి, ఫాల్లాయిడిస్ మొప్పలు మాత్రం తెల్లగానే ఉంటాయి. అయితే ఆనాటి గులాబీ, ఎరుపు వర్ణాల్లో కొన్ని వెలుతురుకు వెలిసిపోయేవి, సీసపు తెలుపు గాలిలోని గంధక వాయువులకు నల్లబడేది. అందువల్ల రెండు వందల ఏళ్ల కిందటి పటంలో గులాబీ మొప్ప దాదాపు తెల్లగా, ఎర్ర గొడుగు మీది తెల్ల పొలుసులు బూడిదరంగులో కనబడవచ్చు. కాబట్టి రంగు కంటే ముందు ఆకారాన్ని నమ్మాలి.

పటం మీద రాసిన పేరును కూడా ఉన్నది ఉన్నట్టుగా తీసుకోకూడదు. ఆ రోజుల్లో మొప్పలున్న పుట్టగొడుగుల్లో ఎక్కువ భాగాన్ని అగారికస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చేవారు, ఎర్ర గొడుగుపై తెల్ల పొలుసులున్న అమానిటా మస్కేరియా కూడా అగారికస్ మస్కేరియస్‌గానే కనిపిస్తుంది. శిలీంధ్రాల పేర్ల ఆన్‌లైన్ జాబితా అయిన ఇండెక్స్ ఫంగోరమ్‌లో పాత పేరు వెతికితే ఇప్పటి పేరు దొరుకుతుంది. రెండు పేర్లనూ పెన్సిలుతో వేరే కాగితం మీద రాసుకోండి, పటం మీద మాత్రం వద్దు.

తినదగినవి, విషపూరితమైనవి అనే విభజన విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1867లో ఇంగ్లీషు చిత్రకారుడు వర్తింగ్టన్ స్మిత్ 29 తినదగిన జాతులను ఒక పెద్ద పటంలోనూ, 31 విషజాతులను మరో పటంలోనూ చూపించాడు. ఇలాంటి పటాలు ఆనాటి జ్ఞానానికి సాక్ష్యాలే తప్ప నేటి వంటింటికి ప్రమాణం కావు. తినవచ్చని తరతరాలుగా నమ్మిన పాక్సిలస్ ఇన్వల్యూటస్‌ను తిన్న తర్వాతే జర్మన్ శిలీంధ్ర శాస్త్రవేత్త జూలియస్ షాఫర్ 1944లో మరణించాడు. పైగా ఇవి యూరప్ అడవుల బొమ్మలు. వానల తర్వాత మన పచ్చికబయళ్లలో మొలిచే క్లోరోఫిల్లమ్ మొలిబ్డైటిస్ వాటిలో కనబడదు. తెల్లని పెద్ద గొడుగుతో ఆ పటాల్లోని తినదగిన మాక్రోలెపియోటా ప్రొసెరాను తలపించినా, అది తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరాక మొప్పలు ఆకుపచ్చగా మారడమే దాని ముఖ్యమైన గుర్తు. అమానిటా ఫాల్లాయిడిస్ విషం వండినా పోదు, తిన్న ఆరు గంటల తర్వాత గానీ, తరచుగా అంతకంటే ఆలస్యంగా గానీ లక్షణాలు బయటపడవు. పటం చూసి ఏ పుట్టగొడుగునూ తినకండి, ఎవరికీ పెట్టకండి.

కొనే స్తోమత లేనివారికి ఇంటర్నెట్‌లోని బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో సోవర్బీ, ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బుల్లియార్ పుస్తకాల డిజిటల్ ప్రతులు ఉచితంగా దొరుకుతాయి. ఆమ్లం లేని మందపాటి కాగితం మీద అచ్చు తీయిస్తే చక్కగా వస్తుంది. అసలు పటమైతే మాత్రం చెన్నై గాలి దానికి శత్రువు. సముద్రపు తేమకు కాగితం మీద గోధుమరంగు మచ్చలు, బూజు, వెండిపురుగులు వస్తాయి కాబట్టి, ఆమ్లరహిత అట్ట మీద అంటించకుండా కాగితపు మూలలతో నిలిపి, అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో అట్ట చట్రం (మౌంట్) పెట్టి, ఫ్రేము వెనక రెండు చెక్క బిళ్లలు పెట్టి గోడకు ఖాళీ వదిలి తగిలించాలి. బయటి గోడకు, స్నానాలగది గోడకు, ఎండ పడే చోటికి దూరంగా ఉంచాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య వానలు పడ్డాక, జనవరిలో ఒక పొడి రోజు చూసుకుని ఫ్రేము వెనుక విప్పి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, మచ్చలేవైనా కొత్తగా వచ్చాయేమో చూసి, మళ్లీ బిగించాలి.