కాలపట్టిక గీద్దాం – 4వ పాఠం: సంతకం ఒక రోజు, కబురు ఇంకో రోజు

క్రితం పాఠంలో అమెరికా–బ్రిటన్ యుద్ధాన్ని, 1812 నుంచి 1815 దాకా, ఒక్క పేజీలో పట్టిక వేయమన్నాను. మీ పట్టికలన్నీ చూశాను. గీతలు బాగున్నాయి, చేతిరాతలు ఇంకా బాగున్నాయి. తీరా చివరి రెండు గడుల దగ్గరికి వచ్చేసరికి చాలామంది తడబడ్డారు. ఆ రెండు దేశాల మధ్య శాంతి కుదిర్చిన గెంట్ ఒడంబడిక మీద సంతకాలు పడింది 1814 డిసెంబరు 24న. న్యూ ఆర్లీన్స్ పోరు జరిగింది 1815 జనవరి 8న. ఇదేదో అచ్చుతప్పు అనుకుని కొందరు తేదీలు తారుమారు చేశారు. కొందరు పోరునే ఏడాది వెనక్కి జరిపేశారు. ఇంకొందరు తేదీలు సరిగ్గానే వేసి, పక్కన ‘యుద్ధం ముగిశాక జరిగిన పోరు’ అని రాశారు. ఈ మూడోవాళ్లతోనే నాకు ఎక్కువ పేచీ. స్పెయిన్ వలసరాజ్యాల పాఠం ఇవాళ చెబుదామనుకున్నాను. చివర్లో ఎంత పడితే అంత.

మీ పట్టికలో తేదీకి ఒకే వరస ఉంది. దాని పక్కన ఇంకో వరస గీయండి. పైన ‘కబురు – ఎవరికి, ఎప్పుడు’ అని రాయండి. ‘ఎవరికి’ లేకుండా ఆ వరసలో తేదీ వేయొద్దు. నెపోలియన్ ఓడిన వాటర్లూ పోరు కబురు లండన్‌కు మూడు రోజుల్లో చేరింది: పోరు 1815 జూన్ 18న, కబురు 21 రాత్రి. అట్లాంటిక్ దాటాలంటే మాత్రం వారాలు, గాలి ఎదురు తిరిగితే నెలలు. తంతి తీగలు ఇంకా లేవు.

ఇప్పుడు మన అమెరికా–బ్రిటన్ యుద్ధం మొదలు చూడండి. బ్రిటన్ తటస్థ దేశాల ఓడల్ని ఆపి సతాయించే ఉత్తర్వులు అమెరికాకు పెద్ద ఫిర్యాదు. 1812 జూన్ 16న వాటిని ఆపేస్తున్నామని లండన్‌లో విదేశాంగ మంత్రి కాసిల్‌రే పార్లమెంటుకు చెప్పాడు; 23న లాంఛనంగా రద్దయ్యాయి. మధ్యలో, జూన్ 18న, వాషింగ్టన్ యుద్ధం ప్రకటించింది. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు. అయితే ‘కబురు ముందే అందుంటే యుద్ధమే వచ్చేది కాదు’ అని రాసేయకండి. అమెరికన్ నావికుల్ని బలవంతంగా బ్రిటిష్ నౌకాదళంలోకి లాక్కుపోవడం అనే ఫిర్యాదు అలాగే ఉంది, కబురు అందాక కూడా అమెరికా అధ్యక్షుడు మాడిసన్ యుద్ధం ఆపలేదు. రెండో వరస ఎవరికి ఎప్పుడు తెలిసిందో చెబుతుంది. కారణం మీరే వెతుక్కోవాలి.

ఇక ‘యుద్ధం ముగిశాక’ సంగతి. ఎన్నో పుస్తకాల్లో ఈ మాట ఉంది, కాబట్టి మీ తప్పు కాదు. కానీ తప్పే. ఒడంబడిక మొదటి నిబంధనే చెబుతోంది: రెండు పక్షాలూ ధ్రువీకరించాకే కాల్పులు ఆగాలి. గెంట్‌లో ప్రతినిధులు సంతకం చేసినంత మాత్రాన ఆగవు. లండన్‌లో రాజు బదులు పాలిస్తున్న యువరాజు, ప్రిన్స్ రీజెంట్, డిసెంబరు 27నే ఆమోదించాడు. ఒడంబడిక ప్రతి న్యూయార్క్ చేరింది 1815 ఫిబ్రవరి 11న. సెనేట్ ఆమోదం 16న, ధ్రువీకరణ పత్రాల మార్పిడి 17న. అంటే జనవరి 8న న్యూ ఆర్లీన్స్ దగ్గర అమెరికన్ సేనాని జాక్సన్ మనుషులూ బ్రిటిష్ సేనాని పాకెన్‌హామ్ మనుషులూ కాల్చుకున్నది నడుస్తున్న యుద్ధంలోనే. అక్కడ ఓడిపోయాక కూడా, ఫిబ్రవరిలో బ్రిటిషువాళ్లు మొబైల్ అనే ఊరి దగ్గరున్న బోయర్ కోటను పట్టుకున్నారు. అదీ నడుస్తున్న యుద్ధమే. పెళ్లి మాట ఖాయమైన రోజునే పెళ్లి రోజుగా ఎవరూ రాసుకోరు కదా.

రెండో నిబంధన ఇంకా ముచ్చటైనది. కబురు నిదానంగా వెళుతుందని ఆ రాసినవాళ్లకు తెలుసు. అందుకే సముద్రంలో పట్టుకున్న ఓడల విషయంలో దూరాన్ని బట్టి గడువులు పెట్టారు: అమెరికా తీరంలో 12 రోజులు, మధ్యధరాలో 40, ఇలా పెరుగుతూ భూమధ్యరేఖకు దక్షిణాన దూర సముద్రాల్లో 90, మిగిలిన ప్రపంచానికి 120. బంగాళాఖాతం ఆ చివరి పద్దులోకే వస్తుంది.

ఈ గడువులన్నీ దాటి జరిగిన పోరు ఒకటుంది. 1815 జూన్ 30న, జావా పక్కన సుందా జలసంధిలో, అమెరికన్ ఓడ పీకాక్‌కు ఈస్టిండియా కంపెనీవాళ్ల చిన్న ఓడ నాటిలస్ ఎదురైంది. శాంతి కుదిరిందని నాటిలస్ అధికారి బోయ్స్ చెప్పాడు. పీకాక్ కెప్టెన్ వారింగ్టన్ నమ్మలేదు, జెండా దించమన్నాడు. దించనన్నాడు బోయ్స్. ఫిరంగులు పేలాయి, మనుషులు పోయారు, నాటిలస్ లొంగింది. కాగితాలు చూశాక వారింగ్టన్ ఓడను వదిలేశాడు. ఫిబ్రవరి 17 నుంచి లెక్కేస్తే 90 రోజుల గడువు మే 18తోనే తీరిపోయింది. ‘యుద్ధం ముగిశాక’ అన్న ముక్క రాయాలనుంటే ఇక్కడ రాయండి, నాకు అభ్యంతరం లేదు.

నా పద్ధతి చెబుతాను. సంతకం తేదీ పెన్సిల్‌తో, అమలు తేదీ సిరాతో రాస్తాను. రంగు పెన్నులు నాకు గిట్టవు; మూడో రంగు వచ్చేసరికి ఏది దేనికో మరిచిపోతాం. పట్టాభిషేకాలు అసలు రాయను.

దక్షిణ అమెరికాలో స్పెయిన్ వలసరాజ్యాల గురించి కొంచెమే. రాజు ఏడో ఫెర్డినాండ్ 1808 నుంచి ఫ్రాన్సులో బందీ. ఆయన పేరిట పాలిస్తున్న కేంద్ర మండలి, ఫ్రెంచి సేనలు ఆండలూసియాలోకి దిగడంతో, 1810 జనవరి చివర్లో రద్దయింది. ఆ కబురుతో కరాకస్‌లో ఏప్రిల్ 19న, బ్యూనస్ ఐరిస్‌లో మే 25న స్పెయిన్ అధికారుల్ని దించేశారు. బ్యూనస్ ఐరిస్‌కు కబురు తెచ్చింది మే నెల మధ్యలో మాంటెవిడియోకు వచ్చిన బ్రిటిష్ ఓడ. వైస్రాయ్ సిస్నెరోస్ దాన్ని దాచలేక 18న ప్రకటించాడు, వారం తిరక్కుండానే పదవి పోయింది. తర్వాత బొగోటా (జూలై 20), శాంటియాగో (సెప్టెంబరు 18). ఇవన్నీ ఒకే కబురుకు పుట్టిన పిల్లలు. అయినా దూరం ఒక్కటే వరస నిర్ణయించలేదు, ఊరూరి తగాదాలూ కలిశాయి.

అభ్యాసం. ఈ నాలుగు ఊళ్లకీ నాలుగు గడులు వేసి, ప్రతి గడిలో మూడు తేదీలు నింపండి: స్పెయిన్‌లో జరిగింది, ఊళ్లో తెలిసింది, ఊరు కదిలింది. కబురు ఏ రేవు మీదుగా వచ్చిందో కూడా రాయాలి. బొగోటా లోపలి కొండల మీద ఊరు, కాబట్టి రేవు తర్వాత నది కూడా రాయండి. రెండోది: 1821 మే 5న సెయింట్ హెలెనాలో నెపోలియన్ చనిపోయాడు, లండన్‌కు కబురు జూలై 4న అందింది. ఆ రెండు నెలల్లో ఐరోపాలో ఎవరెవరు ఆయన బతికే ఉన్నాడనుకుని పనులు చేశారో మీకు దొరికినన్ని రాయండి. మూడోది మన వైపుది: వెల్లూరు సిపాయిల తిరుగుబాటు 1806 జూలై 10న, మద్రాసు గవర్నరు బెంటింక్‌ను వెనక్కి పిలిచింది 1807లో. మధ్యలో ఖాళీగా ఉన్న నెలల్లో కబురు మోసే ఓడ ఎక్కడుందో గుడ్‌హోప్ అగ్రం చుట్టూ గీతలు గీసి చూపండి. సూయజ్ కాలువ వాడినవాళ్ల పట్టిక నేను చూడను.